శోధన, పరీక్ష: పురుషోత్తమ చౌదరి రచనలపై ఒక పరిశీలన

గంజాం జిల్లా సముద్రతీరాన రామయ్యపట్నం తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊరు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. ఇక్కడ సముద్రం ఒడ్డును కోసుకుంటూ వచ్చి ఎన్నో ఇళ్లను మింగింది. ఇటువంటి కష్టానికి క్రైస్తవుల తెలుగులో ‘శోధన’ అని పేరు. ఈ మాట ఇక్కడ సరిపోతుందా అన్నది మా సందేహం.

మామూలు తెలుగులో శోధన అంటే వెతకడం, పరిశీలించడం. బైబిలు తెలుగులో దానికి రెండు అర్థాలు చేరాయి: బయటినుంచి మీదపడే కష్టం ఒకటి, లోపలినుంచి లాగే పాపేచ్ఛ రెండోది. ఇది అనువాదకుల అజాగ్రత్త కాదు. మూలమైన గ్రీకు మాట ‘పెయిరాస్మోస్’ కూడా రెంటికీ చెల్లుతుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో రెండో వచనంలోనిది మొదటి అర్థం, పదమూడో వచనంలోనిది రెండో అర్థం. ఇంగ్లీషువారు వీటికి రెండు వేర్వేరు మాటలు వాడుకున్నారు.

పురుషోత్తమ చౌదరి (1803-1890) నాటి గంజాం జిల్లా పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశంనుంచి వచ్చి స్థిరపడిన వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో బాప్తిస్మం పొందారు. ఆ కాలంలో బ్రాహ్మణుడికి బాప్తిస్మమంటే కులానికి దూరం కావడమే. అంత కష్టం ఆయన ప్రసిద్ధ కీర్తనల్లో ఎంత కనిపిస్తుంది? చాలా తక్కువ. ఆ కీర్తనలు పాడే భక్తుడు ఎక్కువగా తన ఇంద్రియాలనే నిందించుకుంటాడు, తన పాపాన్నే ఒప్పుకుంటాడు. శరణాగతి భాష వైష్ణవులది, రాగతాళాలు మన పదకర్తలవి. దేవుడి పేరు మారింది. (ఈ కొనసాగింపును లోపమనే పండితులున్నారు. మేము అలా అనుకోము.) గోలకొండ చెరలో రామదాసు రాముణ్ణే నిలదీశాడు. యోబు కూడా దేవుడితో వాదించాడు. నిందాస్తుతి సంప్రదాయం చేతికందే దూరంలో ఉండీ చౌదరి దాన్ని పెద్దగా వాడుకోలేదు. ఆ కీర్తనల్లో శోధన రెండో అర్థంలోనే స్థిరపడింది. వాటి మాధుర్యం అందులోనే ఉంది, కొరత కూడా అక్కడే.

అయితే ఆయన రచనల్లో ‘కులాచార పరీక్ష’ అన్నది ఒకటుంది. మా దృష్టిలో ఆ పేరే ఒక విమర్శ. విశ్వాసిని పరీక్షించిన కులాచారాన్నే ఇక్కడ పరీక్షకు నిలబెట్టారు. కీర్తనల్లో తలవంచిన మనిషే ఇక్కడ ప్రశ్నించేవాడయ్యాడు. చౌదరి నిలకడను కీర్తనలతోనే కొలిచేవారు సగం మనిషినే చూస్తున్నారు. మన పాఠ్యసంకలనాలు కీర్తనలకిచ్చినంత చోటు ఈ రచనకు ఇవ్వకపోవడం మాకు బాధగా ఉంది.

రామయ్యపట్నంలో ఇల్లు పోయిన మనిషికి అది శోధన అని చెబితే, మన భాషలో ఆ మాటకున్న రెండో అర్థం కూడా వెంటవచ్చి, నీ తప్పేమిటో వెతుక్కోమంటుంది. సముద్రం కోతకు ఆ మనిషి చేసిన పాపమేమీ లేదు. యోబు స్నేహితులు చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఆ గ్రంథం చివర దేవుడి కోపం వాళ్ల మీదే గాని యోబు మీద కాదు.