ఇచ్చినదల్లా గిఫ్టే

మా మేనల్లుడు చదువుకోడానికి జర్మనీ వెళ్లిన కొత్తలో ఒక ఫొటో పంపాడు. దుకాణం అరలో చిన్న డబ్బా, దాని మీద ఎలుక బొమ్మ, కింద ‘రాటెన్‌గిఫ్ట్’ అన్న అక్షరాలు. “మామయ్యా, ఇక్కడ ఎలుకలకు కూడా గిఫ్టులిస్తారా?” అని అడిగాడు. అది ఎలుకల మందు. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం.

పాతికేళ్లుగా అనువాదాలు చేస్తున్నాను. అర్థం తెలియని మాట నన్నెప్పుడూ దెబ్బతీయలేదు. తెలియదు కాబట్టి నిఘంటువు తీస్తాను. దెబ్బతీసినవన్నీ తెలిసిన మాటలే. అందుకే ఆ రాత్రి గిఫ్ట్ వెంట పడ్డాను.

ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్ ఒకే జర్మానిక్ కుటుంబం. అన్నింట్లోనూ ఈ మాట ఉంది. అన్నింట్లోనూ దాని పుట్టుక ‘ఇవ్వడం’ నుంచే. ఇంగ్లీషు ‘గివ్’, జర్మన్ ‘గేబెన్’ దాని తోబుట్టువులు. ఏమిచ్చారు అన్న దగ్గరే దారులు చీలాయి.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు పెళ్లికూతురి కోసం ఇచ్చే సొమ్ము అని అర్థం. అచ్చంగా మన కన్యాశుల్కమే. జర్మన్‌లో ‘మిట్‌గిఫ్ట్’ అంటే పిల్లతో పాటు ఇచ్చి పంపేది, అంటే కట్నం. స్వీడిష్‌లో ఎవరైనా ‘నేను గిఫ్ట్’ అంటే తనకు పెళ్లయిందని చెప్పడం. “అమ్మాయిని ఏ ఊరిచ్చారు?” అని అడిగే మనకు ఇందులో వింతేమీ లేదు. అదే స్వీడిష్‌లో, డేనిష్‌లో ఇదే మాటకు విషం అన్న అర్థమూ ఉంది. డచ్చివాళ్లు మాత్రం రెండుగా విడదీసుకున్నారు: ‘గిఫ్ట్’ విరాళం, ‘గిఫ్’ విషం.

ఇచ్చేది విషం ఎట్లా అయింది? గ్రీకులు రోగికిచ్చే మందు మోతాదును ‘డోసిస్’ అన్నారు. ఆ మాటకూ అర్థం ఇవ్వడమే. మనం రోజూ అనే డోసు అదే. లాటిన్ మీదుగా అది తమ దాకా వచ్చినప్పుడు జర్మన్లు దాన్ని తమ భాషలోని ‘ఇవ్వడం’తోనే చెప్పుకున్నారు. మోతాదు కాస్తా ప్రాణం తీసే మోతాదైంది. అంతకుముందు విషానికి వాళ్లకు ‘ఐటర్’ అనే సొంత మాట ఉండేది. అది కుంచించుకుపోయి ఇవాళ చీముకు పేరుగా మిగిలింది.

ఇంత చదివాక నాకు గుర్తొచ్చింది మన ‘మందు’. జ్వరానికి వేసుకునేది మందు. పత్తికి కొట్టేది మందు. సీసాలోది మందు. తుపాకీలో కూరేదీ మందే. చాలా ఏళ్ల కిందట వరంగల్ వైపు పత్తి రైతు కథ ఒకటి ఇంగ్లీషులోకి చేశాను. అప్పులోళ్లు వచ్చిపోయిన రాత్రి ఆ రైతు ‘మందు తాగిండు’ అని చివరి వాక్యం. సారా తాగాడని రాసేశాను. అచ్చయ్యాక రచయిత ఫోన్ చేశాడు. కోప్పడలేదు. “మా వాడు తాగింది పురుగుల మందు సార్” అన్నాడు, అంతే. ఒక మనిషి చావును నేను మత్తుగా మార్చేశాను. ఆ వాక్యాన్ని ఇవాళ్టికీ మర్చిపోలేదు.

నాకు ఆ రెండు అక్షరాలూ చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే ఆగలేదు. ఇప్పుడు కొత్తగా అనువాదంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతారు, తెలిసిన మాట దగ్గరా ఆగండి. ఎవరు, ఎవరికి, ఏమిచ్చారో చూసుకున్నాకే అర్థం రాయండి.