కాళ్లు చేసే చేతులు

1971 భారత్-పాకిస్థాన్ యుద్ధంలో సిల్హెట్ దగ్గర మందుపాతర పేలి గూర్ఖా రెజిమెంటు అధికారి ఇయాన్ కార్డోజో కాలు ఛిద్రమైంది. మత్తుమందు దొరకని ఆ చోట, తన కుక్రీ కత్తితో ఆ కాలిని తానే నరుక్కున్నారు. దశాబ్దాల తర్వాత ఆయన నోట ఆ సంగతి విన్నవాళ్లంతా ఆయన ధైర్యానికి దణ్ణం పెట్టారు. పెట్టాల్సిందే. అయితే ఆయనకు కృత్రిమ కాలు అమర్చిన పనివాళ్లకూ మనం ఒక దణ్ణం బాకీ.

పుణెలో 1944 నుంచీ సైనికులకు కాళ్లూ చేతులూ చేసిపెడుతున్న కేంద్రం ఉంది. ఆ పని ఎంత సున్నితమో చూడండి. ముందు తెగగా మిగిలిన కాలి భాగానికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీస్తారు. బరువు ఏ కండ మోయగలదో, ఏ ఎముక ఓర్చుకోలేదో వేళ్లతో తడిమి గుర్తుపెడతారు. ఆ గుర్తుల ప్రకారం అచ్చును చెక్కి, కాలు ఇమిడే తొడుగు చేస్తారు. నడిపించి చూస్తారు, సరిచేస్తారు, మళ్లీ నడిపిస్తారు. రవ్వంత ఒరుసుకున్నా పుండు పడుతుంది. ఏళ్లు గడిచి కండ తగ్గితే తొడుగు మళ్లీ కొత్తగా చేయాల్సిందే.

1968 ప్రాంతంలో డాక్టర్ పి.కె. సేఠీతో కలిసి జైపూర్ పాదానికి రూపమిచ్చిన రామచంద్ర శర్మ కూడా ఇలాంటి చేతిపనివాడే. చెప్పుల్లేకుండా నడవడానికీ, గొంతుక్కూర్చోవడానికీ వీలైన రబ్బరు పాదం అది.

ఇక కార్డోజో తన కృత్రిమ కాలితోనే పదాతి బెటాలియన్‌నూ, తర్వాత బ్రిగేడ్‌నూ నడిపించి, మేజర్ జనరల్‌గా రిటైరయ్యారు. వీరుల పేర్లతో పాటు ఈ పనివాళ్ల పనితనాన్నీ మన పిల్లలకు చెబుదాం.