కర్త లేని వాక్యం: నల్లమల ఎదురుకాల్పులు - న్యాయపత్రం, స్మృతిసాహిత్యం

ఎదురుకాల్పుల మృతులను గురించి తెలుగులో వచ్చిన రచనను విమర్శకులు ప్రధానంగా పాట, కవిత, కథ అనే ప్రక్రియల పరిధిలో చదివారు. మృతుల కుటుంబాలు న్యాయం కోరుతూ రాసిన, రాయించిన అర్జీలకు ఆ గౌరవం దక్కలేదు. గిద్దలూరు, మార్కాపురం, యర్రగొండపాలెం ప్రాంతాలను ఆనుకొని ఉన్న నల్లమల నేపథ్యంలో ఈ రెండు రకాల రచనల్లో క్రియాపదం ఎలా ప్రవర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం మావోయిస్టు నాయకులు నల్లమల నుండి బయటకు వచ్చినది ప్రకాశం జిల్లా చిన్నఆరుట్ల వద్దనే. 2005 జనవరికల్లా ఆ ప్రయత్నం విఫలమైంది. 2006 జులైలో ఈ జిల్లా పరిధిలోని నల్లమలలో ఆ పార్టీ రాష్ట్ర కార్యదర్శి మాధవ్‌తో సహా ఎనిమిది మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం దీనిపై హైకోర్టును ఆశ్రయించింది.

ఇలాంటి సంఘటనల్లో పోలీసుల వాక్యం దాదాపు మారదు: ‘ఎదురుకాల్పుల్లో మృతి చెందారు’. ‘మృతి చెందు’ అకర్మక క్రియ. చనిపోయినవారే వాక్యానికి కర్తలు. చంపినవారికి అందులో స్థానం లేదు. ఇది పత్రికాశైలి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎదురుకాల్పులపై నమోదయ్యే కేసు సాధారణంగా హత్యాయత్నానికి సంబంధించిన 307వ సెక్షన్ కింద, చనిపోయినవారి మీదనే ఉండేది. మృతుడే ముద్దాయి. ముద్దాయి మరణించాడు కనుక కేసు మూతపడుతుంది. వ్యాకరణం చేసిన పనినే చట్టప్రక్రియ కూడా చేసిందన్నమాట. తల్లి గానీ భార్య గానీ ఆ పత్రంలో శవాన్ని గుర్తుపట్టే వ్యక్తిగానే కనిపిస్తుంది, ఫిర్యాది కాదు.

2009 ఫిబ్రవరి 6న హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును ఈ దృష్టితో చదవాలి. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే దానిని నేరంగా నమోదు చేసి దర్యాప్తు చేయాలనీ, ఆత్మరక్షణ అనే వాదనను న్యాయవిచారణలో రుజువు చేసుకోవాలనీ ఆ తీర్పు సారాంశం. అంటే ‘చనిపోయారు’ అనే వాక్యాన్ని ‘చంపారు’ అని తిరగరాసి, ఆ తర్వాతనే కారణం చెప్పమన్నది. మార్చిలోనే సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాలు బంధువులకు త్వరగా సమాచారం అందించాలన్నాయి. అవి పాటించకపోతే సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసే వీలు కుటుంబానికి కల్పించాయి. కుటుంబం ఫిర్యాది అయింది. కర్త స్థానం మాత్రం ఖాళీగానే మిగిలింది.

అప్పట్లో ఇదే జిల్లాలో భాగంగా ఉండిన కారంచేడుతో పోల్చితే తేడా తెలుస్తుంది. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితులను చంపారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో గానీ రాలేదు. ఇరవైమూడేళ్ల ఆలస్యమే అన్యాయం. అయినా ఆ కేసు కాగితాల్లో ‘ఎవరు’ అనే ప్రశ్నకు పేర్లున్నాయి. నల్లమల మృతుల కుటుంబాలకు ఆ మాత్రం ఆధారం కూడా దొరకలేదు.

మరి స్మృతిసాహిత్యం ఆ ఖాళీని పూరించిందా? పూరించలేదన్నది నా అభిప్రాయం. 2002 జులై 18న ఏర్పడిన అమరుల బంధుమిత్రుల సంఘం చేసిన పనుల్లో మృతదేహాలను ఇళ్లకు చేర్చడం ముఖ్యమైనది. అది గొప్ప పని. కానీ ఆ వాతావరణంలో స్థిరపడిన మాట ‘అమరుడు’. మరణం లేనివాడని దాని అర్థం. ‘అమరుడయ్యాడు’ కూడా అకర్మకమే. అక్కడా చంపినవాడు కనిపించడు. దుఃఖానికి ఆ మాట కావాలి, కాదనలేం. హత్యాఫిర్యాదును మాత్రం ఆ మాటతో రాయలేం. ఒకే తల్లి స్మారకసభలో ఒక క్రియను, కోర్టులో మరొక క్రియను వాడవలసి వస్తుంది. ఈ రెండింటి మధ్య ఆమె పడే ఘర్షణను పట్టుకున్న రచన నా పఠనంలో అరుదు. పాటల్లోని తల్లి ఎక్కువగా బిడ్డను తలచుకొని గర్వపడుతుంది; పోస్టుమార్టం నివేదిక నకలు అడగదు.

ఇంకొక కుటుంబం ఉంది. ‘ఇన్ఫార్మర్’ అనే ముద్రతో మావోయిస్టుల చేతిలో చనిపోయినవారిది. వారి విషయంలో ‘శిక్షించాం’ అనే సకర్మక క్రియ బాహాటంగానే వినిపించింది. కర్త తన పేరు దాచుకోలేదు. అయితే నేరం రుజువు చేసే బాధ్యతను ఆ ఒక్క పదమే మింగేసింది. అక్కడ మృతుడు ముద్దాయి అయితే, ఇక్కడ దోషే అయిపోయాడు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997 నుండి పనిచేసిన పౌరస్పందన వేదిక రెండు వైపుల హింసనూ ప్రశ్నించింది. విప్లవహింసపై భేదాభిప్రాయమే బాలగోపాల్ తదితరులు 1998లో మానవ హక్కుల వేదికను ఏర్పరచడానికి దారితీసింది. హక్కుల ఉద్యమంలో ఇంత చర్చ జరిగినా, ఈ రెండో కుటుంబం మన స్మృతి సంకలనాల్లో చోటు సంపాదించుకోలేకపోయింది. ఆ ఇంటివారికి పాట లేదు, సభ లేదు, గౌరవంగా చెప్పుకొనే నామవాచకమూ లేదు.

కాబట్టి ఈ అంశంపై పరిశోధన చేసేవారు అచ్చయిన సంకలనాలతో ఆగకుండా దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు పరిసర గ్రామాల్లోని రెండు రకాల కుటుంబాల వద్దా మిగిలిన అర్జీలను, శవపంచనామా నకళ్లను సేకరించవలసి ఉంది. వాటిలో ముందుగా చూడవలసినది ఫిర్యాది సంతకం పైన ఉన్న చివరి వాక్యపు క్రియ.