బేగి రండి బాబూ

చీడికాడ మండలంలో, కోనాం రిజర్వాయరు కింద, ఏ పొలంగట్టు మీదో ఒకరిని పాము కరిచిందనుకోండి. 108కి ఫోన్ చేసినవాడి నోట మొదట వచ్చే మాట, "బేగి రండి బాబూ!" ఎక్కడికి రావాలో మాత్రం చెప్పడు. భయంలో ఉన్నవాడికి తనున్న చోటు లోకమంతటికీ తెలిసినట్టే ఉంటుంది. అవతల ఫోనెత్తిన అమ్మాయి పనితనం అక్కడే మొదలవుతుంది.

జిల్లా, మండలం, ఊరు, ఆ తర్వాత ఆనవాలు. పెద్దదానినుంచి చిన్నదానికి దిగుతుంది. మన పేటలూ పాలేలూ పురాలూ ఒకే పేరుతో ఎన్నో ఉంటాయి కనుక జిల్లా ముందు తేలాలి. చీడికాడ 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ విశాఖ జిల్లా అనే వస్తుంది. ఆ పాత అలవాటును కూడా పట్టుకోగల చెవి కావాలి. జబ్బుకన్నా ముందు చోటు అడగడంలో గొప్ప తెలివి ఉంది. మధ్యలో లైను తెగినా, చోటు తెలిస్తే బండి బయల్దేరుతుంది. జబ్బొక్కటే తెలిస్తే ఎక్కడికని వెళ్తుంది?

తర్వాతే మిగతావి. తెలివిలో ఉన్నాడా? ఊపిరి ఆడుతోందా? ఇన్ని ప్రశ్నలేమిటని చాలామందికి కోపం వస్తుంది. ఎలాంటి బండిని పంపాలో తేల్చడానికి ఆ జవాబులే ఆధారం. బండిలోని టెక్నీషియన్ గానీ, పైలట్ గానీ (108లో డ్రైవర్ని అలాగే అంటారు) దారి కోసం మళ్లీ ఫోన్ చేస్తారు. అందుకే ఆ ఫోన్ నుంచి బంధువులకు కబుర్లు పెట్టకూడదు.

ఇలాంటి నంబరు పుట్టుక వెనక ఒక విషాదం ఉంది. 1935లో లండన్‌లో ఒక ఇల్లు తగలబడి ఐదుగురు చనిపోయారు. పొరుగాయన ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజిలో వరసలో ఉండిపోయింది. 1937లో అక్కడి అత్యవసర నంబరు 999 పుట్టింది ఆ బాధలోంచే. మన 108 హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది. అష్టోత్తరం చదివే ఇళ్లలో ఆ అంకెను ఎవరికీ ప్రత్యేకంగా నేర్పక్కర్లేకపోయింది. పోలీసు, అగ్నిమాపకం కావాలన్నా 112 ఉంది.

గుండెల్లో పట్టేసినట్టు నొప్పి, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం, ఊపిరాడకపోవడం, పురిటినొప్పులు, రోడ్డు ప్రమాదం, పాముకాటు: వీటిలో ఏదైనా సరే, "కాసేపు చూద్దాం" అనుకోకండి. పాముకాటుకు తాడు బిగించవద్దు, కోయవద్దు, మనిషిని నడిపించవద్దు. నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే పోయే గంట తిరిగి రాదు. రెండు రోజుల జలుబుకు మాత్రం ఆ బండిని పిలవకండి. అదే సమయానికి పక్క ఊళ్లో ఎవరికి అవసరం పడుతుందో!

అవతలివాళ్లు చాలనేదాకా ఫోన్ పెట్టేయకండి. రాత్రయితే ఒకరిని సెల్‌ఫోన్ లైటుతో మెయిన్ రోడ్డు మలుపులో నిలబెట్టండి. ఆ వెలుగు చూసి పైలట్ బండి తిప్పుతాడు.