హృద్రోగ పరిభాషలో ‘పోటు’

పారిభాషిక పదము ఒక్క అర్థమునే బోధింపవలెనన్నది మొదటి నియమము. హృద్రోగములను గూర్చి తెలుగున వాడుకలోనున్న పదములలో రెండింటియందు ఈ నియమము భంగపడినది. అవి గుండెపోటు, రక్తపోటు.

‘పోటు’ పొడుచు ధాతువుతో సంబంధము గల నామము. కత్తిపోటు, వెన్నుపోటు అన్నపుడు పొడుచుట. తలపోటు, పంటిపోటు అన్నపుడు నొప్పి. ఆటుపోటులన్నపుడు సముద్రము పొంగుట. రక్తపోటునందలి అర్థము ఈ మూడవదానికి చేరువ: రక్తము నాళముల గోడలపై కలిగించు ఒత్తిడి. పదమును కట్టినవారి ఊహ ఇంపైనదే. కాని వినువానికి తలపోటు పరిచయమైనంతగా సముద్రపు పోటు పరిచయము కాదు. రక్తపోటనగానే అతనికి నొప్పి స్ఫురించును. వ్యాధి స్వభావమో దీనికి విరుద్ధము. పాదరసపు కొలతలో 140/90 మి.మీ. దాటిన ఒత్తిడి ఏ బాధయు తెలియనీయక ఏండ్ల తరబడి మెదడును, మూత్రపిండములను, గుండెను చెరుపగలదు. తలనొప్పి లేదు గనుక మందు మానువారిని మనమెల్లరము ఎరుగుదుము. దోషమంతయు పదముదే యని మేమనము; కాని పదము దానికి తోడుపడుచున్నది.

జనులు ‘బి.పి. వచ్చినది’ అందురు. బి.పి. బొత్తిగా లేనివాడు బ్రదికియుండడు గదా యని పండితులు పరిహసింతురు. మాకు మాత్రము ఈ మాటయే మేలని తోచుచున్నది. ‘బి.పి. చూపించుకొంటిని’ అను వాడుకలో అది కొలిచి తెలిసికొనవలసిన వస్తువన్న ఎరుక కలదు.

గుండెపోటు చిక్కు వేరు. గుండె కండరమునకు రక్తమునిచ్చు ధమని మూసికొనిపోగా ఆ కండరము చెడుట ఒకటి. రోగి తరచుగా స్పృహతోనే యుండి మాటలాడును. గుండె లయ హఠాత్తుగా తప్పి రక్తప్రసారమే ఆగుట మరియొకటి. మనిషి క్షణములలో స్పృహ దప్పి కూలును. మొదటిది రెండవదానికి దారితీయవచ్చును గాని రెండును ఒకటి కావు. మొదటిదానికి తక్షణమే ఆసుపత్రి చేర్పవలెను. రెండవదానికి 108ను పిలుచుచునే, ఉన్నచోటనే రొమ్మును నొక్కుట ప్రారంభింపవలెను. పత్రికలు రెండింటికిని ఒక్క పేరే పెట్టుటచేత చేయవలసిన పనిలోని భేదము మరుగుపడుచున్నది. రెండవదానిని కొందరు హృదయస్తంభన మనుచున్నారు. ‘గుండె ఆగినంత పనియైనది’ అని నిత్యము పలుకు జాతికి ‘గుండె ఆగుట’ చాలును. ప్రతి మరణమునను గుండె ఆగును గదా యన్న ఆక్షేపమునకు ‘హఠాత్తుగా’ అను విశేషణము సమాధానము.

హృదయవైఫల్యమను పదము ఆంగ్లమునందలి లోపమును గూడ అనువదించినది. వినువాడు గుండె ఆగినదనుకొనును. నిజమునకు అది దేహమునకు వలసినంత రక్తమును గుండె పంపలేని స్థితి. ఆయాసము, కాళ్ళవాపు దాని లక్షణములు. చికిత్సతో ఏండ్లు జీవించువారు కలరు. ‘గుండె బలహీనత’ యన్నచో ఈ భ్రాంతి యుండదు.

1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశమునకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటినుండి పదములు సేకరించిరి. వైద్య పరిభాషకును ఆ మార్గమే తగును. గుండె కండరము చెడుచున్న రోగి పలుమారు పోటనియే అనడు. ‘రొమ్ముమీద బరువు పెట్టినట్లున్నది’, ‘పట్టివేసినట్లున్నది’ అనును. మధుమేహము గలవాడు నొప్పి మాటయే ఎత్తక, చెమటలు పట్టినవనియు ఆయాసముగా నున్నదనియు మాత్రమే చెప్పవచ్చును.