నెగటివ్ మీద చెయ్యి పడకుండా

పాత స్టూడియోల్లో ‘టచింగ్’ అని ఒక పనుండేది. నెగటివ్‌ను గాజు పలక మీద పరిచి, వెనక నుంచి వెలుగు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు కప్పేవారు. మరీ తెల్లబడే చోట బ్లేడు మొనతో గీకేవారు. గీకింది మళ్లీ రాదు. ఉన్న నెగటివ్ ఒక్కటే.

మహామహులకూ ఆ గండం తప్పలేదు. యాన్సెల్ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫర్ 1941లో అమెరికాలోని న్యూమెక్సికోలో, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. నెగటివ్‌లో నేల భాగం పలచగా వచ్చింది. 1948లో ఆ భాగాన్ని మళ్లీ రసాయనంలో పెట్టి చిక్కబరిచాడు. ఏ కాస్త తేడా వచ్చినా ఆ బొమ్మ పోయేదే.

మనకిప్పుడు నెగటివ్ అంటే కెమెరా పట్టిన వెలుగును ఉన్నదున్నట్టు దాచే రా ఫైలే. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయి. ఫొటోషాప్‌లోకి 1994లో లేయర్లు అనే పొరలు, 1996లో వెలుగూ రంగూ మార్చే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు, 2005లో అసలు ఫైలును చెక్కుచెదరకుండా లోపల దాచుకునే స్మార్ట్ ఆబ్జెక్టులు వచ్చాక, దస్తావేజును బీరువాలో దాచి జెరాక్స్ మీద గీతలు గీసుకున్నట్టయింది పని.

తలంబ్రాల ఫొటో ఒకటి తీసుకుందాం. పందిరి బయట ఎండ భగ్గుమంటోంది, పెళ్లికూతురి మొహం నీడలో ఉంది. రా ఫైలును స్మార్ట్ ఆబ్జెక్టుగా తెరిచి ముందు ఎండను తగ్గిస్తాను. తర్వాత ‘న్యూ స్మార్ట్ ఆబ్జెక్ట్ వయా కాపీ’ నొక్కి, ఆ రెండో కాపీలో మొహానికి వెలుగు పెంచుతాను. చాలామంది ఇక్కడే కంట్రోల్ జె నొక్కి తలపట్టుకుంటారు. అలా చేస్తే రెండూ ముడిపడి ఉంటాయి, ఒకటి మారిస్తే రెండోదీ మారుతుంది. పై లేయరుకు నల్లటి మాస్కు వేసి, మెత్తటి బ్రష్షుతో మొహం మేర తెలుపు పూస్తాను. తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది. గాల్లో ఉన్న తలంబ్రాల గింజల అంచుల దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. తొందరపడితే ప్రతి గింజ చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది.

మచ్చలు తుడిచేది విడిగా ఒక ఖాళీ లేయరు మీద. ఒకసారి అలాగే ఒక అమ్మాయి బుగ్గ మీది చుక్కను తీసేశాను. వాళ్లమ్మ ఫోన్ చేసి, “మా పిల్ల పుట్టుమచ్చ ఏది బాబూ?” అని అడిగింది. ఆ లేయరు పక్కనున్న కన్ను గుర్తు నొక్కాను, పుట్టుమచ్చ వచ్చి కూర్చుంది. బ్లేడు రోజుల్లో అయితే ఆవిడకు ఏం జవాబు చెప్పేవాణ్ణో!

ఒక చిక్కు ఉంది. మచ్చ తుడిచాక కింద రా ఫైల్లో వెలుగు మారిస్తే, తుడిచిన చోటు అతుకులా బయటపడుతుంది. అందుకే వెలుగూ రంగూ తేల్చుకున్నాకే మచ్చల జోలికి వెళ్లాలి. ఫైళ్లూ బాగా బరువెక్కుతాయి. 2 జీబీ దాటితే పీఎస్‌డీగా సేవ్ కాదు, పీఎస్‌బీగా చేసుకోవాలి.

పెళ్లి ఫొటోలు మాట్లాడుకునేటప్పుడు ఆల్బమ్ పేజీల లెక్కతో ఆగకండి. మీ నెగటివ్‌లు అవే కాబట్టి, రా ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయో, ఎన్నేళ్లు ఉంచుతారో కూడా అడగండి.