‘లోచో’: ఒక సూరతీ మాట, దాని కల్పితార్థాలు

ఒక మాటకు అర్థం తెలిసినంత మాత్రాన జనానికి తృప్తి కలగదు. అది ఎలా పుట్టిందో చెప్పే కథ కూడా కావాలి. కథ లేకపోతే కల్పించుకుంటారు. గుజరాత్‌లోని సూరత్ నగరంలో వినిపించే ‘లోచో’ అనే మాట ఇందుకు చక్కని నిదర్శనం.

సూరత్‌లో లోచో ఒక ఫలహారం. నానబెట్టిన శనగపప్పును రుబ్బి, పులియబెట్టి, ఆవిరిపై ఉడికిస్తారు. ఇంచుమించు ఇదే పద్ధతిలో చేసే ఖమణ్ గట్టిపడి ముక్కలు కోయడానికి వీలవుతుంది. లోచో మాత్రం మెత్తగా, జారుగా, ఆకారం లేకుండా ఉంటుంది. అదే మాటకు గుజరాతీ వ్యవహారంలో తడబాటు, చిక్కు, గందరగోళం అనే అర్థాలున్నాయి. బొంబాయి హిందీలో అది ‘లోచా’. 2006లో విడుదలైన ‘లగే రహో మున్నాభాయ్’ చిత్రంలోని ‘కెమికల్ లోచా’ ఈ మాటను దేశమంతటికీ పరిచయం చేసింది.

ఖమణ్ వండుతుండగా పిండిలో నీళ్లు ఎక్కువై అది గట్టిపడలేదనీ, వంటవాడు ‘లోచో అయింది’ అని వాపోయాడనీ, ఆ పొరపాటే వంటకానికి పేరైందనీ ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. సంస్కృతాభిమానికి ‘లోచన’ శబ్దం కనిపిస్తుంది. జైన సంప్రదాయం ఎరిగినవారికి కేశలోచం గుర్తుకు వస్తుంది. ధ్వనిసామ్యం ఒక్కటే ఆధారమైతే ఏ మాటనైనా ఏ మాటకైనా చుట్టం చేయవచ్చు.

నిజానికి గుజరాతీలో ‘మాంసనో లోచో’ అంటే మాంసపు ముద్ద. సంస్కృత నిఘంటువులు ‘లోచక’ శబ్దానికి చెప్పే పలు అర్థాలలో మాంసపిండం ఒకటి. ఆకారం లేని ముద్ద అనే ఈ అర్థాన్ని గ్రహిస్తే తక్కినవన్నీ సులభంగా అన్వయిస్తాయి. గట్టిపడని పిండి, నోట్లో నలిగిన మాట, తీరుతెన్నూ లేని వ్యవహారం అన్నీ ముద్దలే. అన్నం ముద్ద, తడిసి ముద్దయిన బట్ట, ముద్దముద్దగా వచ్చే మాట తెలుగువారికి తెలియనివి కావు. ‘పప్పులో కాలు వేయడం’ అనే పలుకుబడికి అర్థం చెప్పడానికి ఎవరి కాలు ఏ పప్పులో పడిందో వెతకనవసరం లేదు.

వంటవాని కథ వినోదకరమే గాని అందులో ఒక అన్యాయం ఉంది. తరతరాలుగా జనం నోట మెలగిన మాటను అది ఒక పొరపాటు సంతానంగా నిలబెడుతుంది. బజారు మాటకు వంశం ఉండదన్న చిన్నచూపే దీనికి మూలం. 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో చిన్నయసూరి తత్సమ, తద్భవ, దేశ్యాల తరువాత గ్రామ్యాన్ని చివర నిలిపాడు. 1833లో సూరత్‌లోనే జన్మించిన నర్మద్ ఒంటరిగా శ్రమించి 1873లో ‘నర్మకోశ్’ వెలువరించాడు. తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశం చేనేత సంపుటం, 1971లో, సాలెల నోటి మాటలనే సేకరించి శాస్త్రగౌరవం కల్పించింది. నేడు సూరత్ లింబాయత్ పేటలో మరమగ్గాలపై జీవించే తెలుగు పద్మశాలీల వృత్తి పలుకుబడికి ఆ సంపుటం ఒక సాక్ష్యం.

మాటకు కథ కట్టడం తేలిక. దానిని పలికేవారి దగ్గర కూర్చుని వినడం కష్టం. నిఘంటుకారుని నిజాయితీ ఆ కష్టంలోనే ఉంది.